ఎదుర్లంక నుంచి స్పీకర్ కుర్చీ దాకా: బాలయోగి బీ ఫారం మీద సంతకం ఎవరిది?

యానాం వైపు నుంచి వంతెన ఎక్కితే కింద గౌతమి, అవతలి ఒడ్డున ఎదుర్లంక. ఆ వంతెనకు బాలయోగి పేరే పెట్టారు. అది రాకముందు ఇటువాళ్లు కాకినాడ వెళ్లాలన్నా, అటువాళ్లు అమలాపురం రావాలన్నా రేవులో పంటు కోసం కాచుకుని కూర్చోవాల్సిందే. ఆ ఒడ్డు ఊళ్లో 1951 అక్టోబర్ 1న పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగి 46 ఏళ్లకు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. తెలుగు నేల నుంచి చూస్తే అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తర్వాత మూడో వ్యక్తి.

మార్చి 3 వచ్చిందంటే కోనసీమలో ఆయన విగ్రహాలకు దండలు పడతాయి. అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. పట్టుదల ఉంటే ఎక్కడికైనా ఎదగొచ్చు అనే ఉపన్యాసం ఒకటి ఉంటుంది. ఆయన పట్టుదలను ఎవరూ కాదనరు. కానీ రాజకీయాల్లోకి రావాలనుకునే మన విద్యార్థులకు ఆ ఉపన్యాసం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆయన ఎక్కిన ఒక్కో మెట్టు దగ్గరా ఓటు ఎవరిది, టికెట్ ఎవరిది, ఎక్కాక నోరు ఎవరిది అని చూస్తేనే ఆయన జీవితం మనకు పనికొచ్చే పాఠం అవుతుంది.

ఒకే ఒడ్డు, ఇద్దరు వకీళ్లు

బాలయోగి ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివి, 1980లో కాకినాడలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా ఎంపికయ్యారు. ఒక దళిత కుటుంబానికి ఆ రోజుల్లో అంతకన్నా భద్రమైన గౌరవం ఏముంటుంది? ఆయన దాన్ని వదిలేసి మళ్లీ ప్రాక్టీసుకు వచ్చారు. రెండేళ్లు తిరగకుండానే, 1987లో తెలుగుదేశం తరఫున తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కొత్త చట్టం ప్రకారం ఆ ఏడాది జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. మొత్తం జిల్లా ఓట్లతో గెలిచిన దళితుడన్న మాట. ఆయన రాజకీయ జీవితంలో ఇది పెద్ద మెట్టు. స్పీకర్ పదవి వెలుగులో దీన్ని మర్చిపోతుంటారు.

అదే 1985 జూలై 17న కారంచేడు జరిగింది. అదే కోనసీమకు, కందికుప్పకు చెందిన మరో వకీలు బొజ్జా తారకం ఆ మారణకాండ తర్వాత ప్రభుత్వ ప్లీడర్ పదవికి రాజీనామా చేశారు. తారకం తండ్రి బొజ్జా అప్పలస్వామి 1952లో అంబేద్కర్ పార్టీ షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున అమలాపురం నుంచి మద్రాసు శాసనసభకు వెళ్లారు. అంటే మన సొంత పార్టీ గుర్తు మీద, మన సొంత జెండా కింద గెలిచిన చరిత్ర ఈ నేలకు ఉంది.

ఒకే ఏడాది ఒకే ప్రాంతపు దళిత న్యాయవాదులు ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగాన్ని వదులుకున్నారు. ఒకరు ఉద్యమంలోకీ కోర్టుల్లోకీ వెళ్లారు, ఒకరు పార్టీలోకి వెళ్లారు. ఒకరిని గొప్ప చేయడానికి ఇంకొకరిని చిన్న చేయక్కర్లేదు. తారకం దారిలో పదవులు లేవు, మాట మాత్రం చివరిదాకా ఆయనదే. బాలయోగి దారిలో పదవులు వచ్చాయి. మాట సంగతి చూద్దాం.

అమలాపురం లెక్క

1991లో బాలయోగి అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.ఆర్. మూర్తి చేతిలో ఓడిపోయారు. అదే ఏడాది ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వచ్చారు, చంద్రబాబు మంత్రివర్గంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ లోక్‌సభకు పోటీ చేసి గెలిచారు. చేతిలో ఉన్న మంత్రి పదవిని వదులుకుని ఎంపీగా వెళ్లడం చాలామందికి అప్పట్లో నష్టంలాగే కనిపించి ఉంటుంది. మార్చి 24న ఆయన స్పీకర్ అయ్యారు.

ఇక్కడ కాస్త ఆగి ఆ నియోజకవర్గాన్ని చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో నాలుగు ఎస్సీ రిజర్వుడు: అమలాపురం, బాపట్ల, చిత్తూరు, తిరుపతి. ప్రస్తుతం అమలాపురం కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి. వాటిలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం రిజర్వుడు. రామచంద్రపురం, మండపేట, కొత్తపేట, ముమ్మిడివరం జనరల్. అభ్యర్థి దళితుడే అయి తీరాలి, కానీ ఓటర్లలో ఎక్కువమంది దళితేతరులు. కాపులు, శెట్టిబలిజలు, మత్స్యకారులు, క్షత్రియులు, కమ్మలు, ఇలా అందరి మొగ్గూ కలిస్తేనే గెలుపు. అలాంటప్పుడు ‘అందరికీ ఆమోదయోగ్యుడు’ అన్న మాటకు విలువ వస్తుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించని దళితుడు అని దాని అర్థం. ఏ ఊళ్లో భూమి గొడవ జరిగినా, ఏ పేటలో దాడి జరిగినా, ఇటు నిలబడితే అటు ఓట్లు పోతాయనే లెక్క ఆ అభ్యర్థి తలలో నిరంతరం తిరుగుతూనే ఉంటుంది.

1999 నుంచి 2024 వరకు వరుసగా చూడండి. 1999 తెలుగుదేశం, 2004 కాంగ్రెస్, 2009 కాంగ్రెస్, 2014 తెలుగుదేశం, 2019 వైఎస్సార్ కాంగ్రెస్, 2024 తెలుగుదేశం. ప్రతి సాధారణ ఎన్నికలోనూ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన పార్టీయే అమలాపురం గెలిచింది. అభ్యర్థి ఎవరన్నది దాదాపు లెక్కలోకి రాలేదు. గాలి ఎటు ఉంటే సీటు అటు. అలాంటి సీటులో అభ్యర్థికి తన సొంత బలం అని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? బీ ఫారం ఇచ్చిన నాయకుడి దయ మిగులుతుంది.

ఇది 1932 సెప్టెంబర్ 24 నాటి పూనా ఒప్పందంతో మొదలైన కథ. కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు ప్రాంతీయ శాసనసభల్లో 71 ప్రత్యేక స్థానాలు ఇచ్చింది. గాంధీ నిరాహార దీక్ష ఒత్తిడిలో అంబేద్కర్ సంతకం పెట్టిన ఒప్పందం సీట్లను 148కి పెంచింది, ప్రత్యేక ఓటును తీసేసింది. అయితే అందులో ఒక చిన్న రక్షణ ఉండేది, మన పిల్లలకు దాన్ని ఎవరూ చెప్పరు. రిజర్వుడు స్థానంలో ముందుగా అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటు వేసి నలుగురు అభ్యర్థులను ఎంచాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. అంటే బరిలో ఎవరుండాలో తేల్చేది దళితులు. స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 330, 332 అధికరణాలకు వచ్చేసరికి సీటు మిగిలింది, ఆ నలుగురిని ఎంచే ఓటు పోయింది. ఆ పని ఇప్పుడు హైదరాబాద్‌లోనో అమరావతిలోనో తాడేపల్లిలోనో ఒక గదిలో జరుగుతోంది.

పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండినప్పుడు, 1982లో, కాన్షీరామ్ ‘ది చంచా ఏజ్’ రాశారు. ఆ పుస్తకం పేరును తిట్టుగా వాడటం మనలో కొందరికి అలవాటైంది. బాలయోగిని ఆ మాట అనేవాళ్లనూ విన్నాను. నాకు అది నచ్చదు. కాన్షీరామ్ విమర్శ ప్రధానంగా మనిషిని పనిముట్టుగా మార్చే ఏర్పాటు మీద. ఆ ఏర్పాటులోకి వెళ్లి కూడా మనిషిగా నిలబడ్డవాళ్లు ఉన్నారు. 1999 ఏప్రిల్ 17 అందుకు సాక్ష్యం.

కుర్చీ ఎలా వచ్చింది

1998 ఎన్నికల్లో తెలుగుదేశానికి 12 మంది ఎంపీలు. ఎన్నికల ముందు దాకా చంద్రబాబు బీజేపీకి వ్యతిరేకమైన యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్. ఫలితాల తర్వాత ఆయన వాజ్‌పేయి వైపు జరిగారు. మార్చి 28న విశ్వాస పరీక్షలో వాజ్‌పేయి 274-261తో గట్టెక్కారు. ఆ 12 ఓట్లు అటు ఉంటే ఏమయ్యేదో లెక్క మీరే వేసుకోవచ్చు. దానికి నాలుగు రోజుల ముందు స్పీకర్ పదవి తెలుగుదేశానికి వచ్చింది. 1999లో ఆ పార్టీకి 29 మంది ఎంపీలున్నా కేంద్ర మంత్రివర్గంలో ఒక్క పదవీ తీసుకోలేదు. స్పీకర్ పదవి మాత్రం మళ్లీ బాలయోగికే వచ్చింది, 1999 అక్టోబర్ 22న.

1998లో కాంగ్రెస్ నిలబెట్టింది మాజీ స్పీకర్ పి.ఏ. సంగ్మాను. మేఘాలయకు చెందిన ఆదివాసీ ఆయన. రెండు పెద్ద కూటములు ఒక కుర్చీ కోసం ఒక ఆదివాసీనీ ఒక దళితుణ్ణీ ఎదురెదురుగా నిలబెట్టాయి. మంత్రివర్గంలో హోం శాఖకో ఆర్థిక శాఖకో ఇలాంటి పోటీ ఎప్పుడైనా చూశామా?

ఇంకోటి కూడా పక్కన పెట్టుకుని చదవాలి. 1997 జూన్‌లో చంద్రబాబు ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ ఉత్తర్వులు ఇచ్చింది. మాదిగ దండోరా అడిగిన న్యాయమైన వాటా అది. కోనసీమలో సంఖ్యాబలం ఉన్న మాలల్లో దానిపై వ్యతిరేకత రేగింది. బాలయోగి మాల. ఏడాది తిరగకముందే ఆయన దేశంలోనే అతి పెద్ద సభకు అధ్యక్షుడయ్యారు. ఒక చేత్తో ఒక కులానికి వాటా, ఇంకో చేత్తో ఇంకో కులానికి గౌరవం. ఇచ్చే చేయి మాత్రం రెండింటికీ ఒకటే. మాలలూ మాదిగలూ ఎదురెదురుగా ఉన్నంత కాలం ఆ చేయి పైనే ఉంటుందని 1997లో అర్థం కాకపోయినా ఇప్పటికైనా మనకు అర్థం కావాలి.

ఒక్క ఓటు రోజు

1999 ఏప్రిల్‌లో జయలలిత మద్దతు ఉపసంహరించుకున్నారు. బలం నిరూపించుకోమని వాజ్‌పేయిని అడిగిన రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దళితుడు. ఏప్రిల్ 17న ఓటింగ్ నడిపించిన స్పీకర్ దళితుడు. ఓటు హక్కు మీద వివాదం రేగిన సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఆదివాసీ. ఆయన ఫిబ్రవరిలో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కోరాపుట్ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఓటు వేయకుండా ఉంటారని ప్రభుత్వ పక్షం ఆశపెట్టుకున్న బీఎస్పీ చివరి నిమిషంలో వ్యతిరేకంగా ఓటు వేసింది. ఆ పార్టీకి సభలో ఉన్నది ఐదుగురే. ఫలితం 269-270.

గమాంగ్ ఓటు వేయకూడదని పాలక పక్షం పట్టుబట్టింది. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. చట్టం చూస్తే అది సరైన రూలింగే. రాజీనామా చేయని ఎంపీ ఎంపీయే. శాసనసభ్యుడు కాకుండా ఆరు నెలల దాకా ముఖ్యమంత్రిగా ఉండటానికి 164వ అధికరణం వీలిస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. గమాంగ్‌ను ఆపేసి ఉంటే ఓట్లు 269-269. సమానమైనప్పుడు స్పీకర్ ఓటు వేయాలని 100వ అధికరణం చెబుతుంది. అంటే భారత ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది ఎదుర్లంక మనిషి ఒక్క ఓటుతో తేలేది. ఆయన పార్టీ ఆ రోజు వాజ్‌పేయి వైపే ఉంది. సమాన ఓట్లు వచ్చినప్పుడు ఉన్న స్థితిని మార్చకుండా ఓటు వేయడం స్పీకర్ల ఆనవాయితీ. ఒక్క రూలింగ్‌తో ఆయన తన పార్టీ మిత్రుణ్ణి కాపాడగలిగి ఉండేవారు, ఆ పైన దేశంలో అందరికన్నా బలమైన ఓటరూ అయ్యేవారు. ఆయన ఆ పని చేయలేదు. తనకు కుర్చీ ఇచ్చిన కూటమికి నష్టం చేసే రూలింగ్ ఇచ్చి రాజ్యాంగం వైపు నిలబడ్డారు. దళితుడికి పెద్ద పదవి ఇస్తే ఇచ్చినవాడు చెప్పినట్టే ఆడతాడని అనుకునే వాళ్లందరికీ ఆ సాయంత్రం సమాధానం దొరికింది.

మరి ఈ ఇరవై అయిదేళ్లుగా ఆ ‘ఒక్క ఓటు’ కథ ఎలా చెబుతున్నారు? గమాంగ్‌ను దోషిని చేసి చెబుతున్నారు. జయలలిత అలక గానీ, తన పార్టీకి ఎదురు తిరిగి ఓటు వేసిన సైఫుద్దీన్ సోజ్ గానీ ఆ కథలో ముఖ్యపాత్రలు కారు. వేలు చూపించాల్సి వస్తే ఆదివాసీ వైపే వెళుతుంది.

ఆ సభలోనే రెండు రకాల దళిత అధికారం ఎదురుబొదురుగా కూర్చుని ఉంది. ఒకటి ఎత్తైన కుర్చీ. దానికి గంట ఉంది, మర్యాద ఉంది, పక్షం తీసుకునే హక్కు లేదు. రెండోది బీఎస్పీ ఐదు ఓట్లు. వాటికి ఎత్తు లేదు, కానీ ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఒక ప్రభుత్వాన్ని కూల్చగలిగాయి. అదే బీఎస్పీ అటు తర్వాత ఉత్తరప్రదేశ్‌లో బీజేపీతో కలిసి కూడా ప్రభుత్వం నడిపింది, కాబట్టి దాన్ని పూజించమని చెప్పడం లేదు. తప్పో ఒప్పో వాళ్ల నిర్ణయం వాళ్లది.

స్పీకర్ పదవి స్వభావం మాట్లాడించడం. తను మాట్లాడటం కాదు. అమలాపురం దళితులు తమ గొంతును ఢిల్లీకి పంపితే, ఢిల్లీ ఆ గొంతును సభలో అందరికన్నా ఎత్తున కూర్చోబెట్టి చర్చలో నుంచి తీసేసింది. నాలుగేళ్లు అమలాపురానికి ఎంపీ ఉన్నారు, కానీ దళితుల మీద దాడుల గురించి సభలో లేచి అడగగలిగే ఎంపీ లేరు. పదవి హద్దుల్లోనే ఎంత చేయొచ్చో అంతా చేశారని ఆయన వైపు వాళ్లు అంటారు. లోక్‌సభకు మొదటిసారి ఎథిక్స్ కమిటీ వేసింది ఆయనే, 2000లో. సభా మర్యాద మీద 2001 నవంబర్‌లో పెద్ద సదస్సు పెట్టారు. మంచి పనులే. అయితే ఆ రోజుల్లోనే పక్షం లేని మరో పదవిలో ఉన్న మరో దళితుణ్ణి కూడా గుర్తు చేసుకోవాలి. వాజ్‌పేయి ప్రభుత్వం రాజ్యాంగాన్ని సమీక్షిస్తామని బయల్దేరినప్పుడు, 2000 జనవరి 27న సెంట్రల్ హాల్లో, విఫలమైంది రాజ్యాంగమా మనమా అన్న ప్రశ్నను నారాయణన్ అందరి ముందూ పెట్టారు. రాష్ట్రపతికీ స్పీకర్‌కీ ఉన్న వెసులుబాటు ఒకటి కాదు, నిజమే. నారాయణన్‌కు మరో ఎన్నికలో అమలాపురం సీటు అడగాల్సిన అవసరం లేదన్నదీ నిజమే.

తర్వాత వచ్చినవాళ్లు

2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో హెలికాప్టర్ కూలి బాలయోగి చనిపోయారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. ఉప ఎన్నికలో భార్య విజయకుమారి గెలిచి 2004 దాకా ఎంపీగా ఉన్నారు.

ఆ తర్వాత ఈ నిచ్చెన ఎక్కాలని చూసినవాళ్ల జాబితా చూస్తే పైకీ కిందికీ తేడా తెలియకుండా పోతుంది. 2004, 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచిన హర్షకుమార్ రాష్ట్ర విభజన మీద పార్టీతో తెగదెంపులు చేసుకున్నారు, మళ్లీ లోక్‌సభకు రాలేకపోయారు. 2014లో తెలుగుదేశం నుంచి గెలిచిన పండుల రవీంద్రబాబు పార్టీ మారి, లోక్‌సభ నుంచి శాసనమండలికి చేరారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన చింతా అనురాధకు 2024లో ఆ సీటు మళ్లీ ఇవ్వలేదు.

ఆ సీటు ఇచ్చింది రాజోలు ఎమ్మెల్యే రాపాక వరప్రసాదరావుకు. 2019లో జనసేన రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క స్థానం ఆయనది. అంటే గాలికి ఎదురు గెలిచిన మనిషి. తర్వాత పాలక పార్టీ పక్కన చేరారు. ఆ పార్టీ ఆయన రాజోలును తెలుగుదేశం నుంచి వచ్చిన గొల్లపల్లి సూర్యారావుకు ఇచ్చి, ఆయన్ను ఎంపీ బరిలోకి పంపింది. మూడు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. రిజర్వుడు సీట్లలో ‘పై పదవికి పోటీ’ అనేది చాలాసార్లు ఇలాగే ఉంటుంది. బాగా పాతుకున్న చోటు నుంచి పీకి, పెద్ద సీటు అనే పేరు పెట్టి పక్కకు నాటడం.

పినిపే విశ్వరూప్ కథ ఇంకా కష్టమైనది. 2004లో ముమ్మిడివరం, 2009లో అమలాపురం ఎమ్మెల్యే, కాంగ్రెస్ ప్రభుత్వాల్లో మంత్రి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున అమలాపురం ఎంపీగా పోటీ చేసి ఓడారు. 2019లో ఎమ్మెల్యేగా గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టాలని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో విశ్వరూప్ ఇంటిని తగలబెట్టారు. బీసీ వర్గానికి చెందిన ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటినీ వదల్లేదు. దేశానికి మొదటి దళిత స్పీకర్‌ను పంపిన గడ్డ అని చెప్పుకునే చోట, పదవిలో ఉన్న దళిత మంత్రి ఇల్లు ఒక పేరు కోసం తగలబడింది. అందరికీ ఆమోదయోగ్యుడిగా ఇరవై ఏళ్లు మెలిగినా ఆ రోజు అది అక్కరకు రాలేదు. జిల్లా పేరు చివరికి నిలిచింది. 2024లో విశ్వరూప్ ఓడిపోయారు.

2024లో అమలాపురం గెలిచింది బాలయోగి కొడుకు గంటి హరీష్ మాధుర్. 2019లో ఒకసారి ఓడి రెండోసారి గెలిచారు. ఆయన ముందున్న ఫైళ్లలో కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం ఒకటి. తండ్రి స్పీకర్‌గా ఉన్న 2000-01లో మంజూరైంది. పాతికేళ్లయినా కోనసీమలోకి రైలు రాలేదు. ఈ పార్లమెంటులో ఆయన స్పీకర్ కాదు, ఒక మామూలు సభ్యుడు. లేచి నిలబడి అడగవచ్చు. రైలు గురించే కాదు, చట్టసభల్లో ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ల గడువు 2030 జనవరితో ముగియబోతోంది. పొడిగింపు బిల్లు వచ్చినప్పుడు, పొడిగించమనడంతో ఆపుతారా, లేక అభ్యర్థులను ఎంచే ఆ పాత ఓటు ఏమైందని కూడా అడుగుతారా? ఈ ప్రశ్నను అమలాపురం విద్యార్థులు ఆయన ఆఫీసుకు ఇప్పుడే రాతపూర్వకంగా పంపొచ్చు. మిగతా మూడు రిజర్వుడు స్థానాల ఎంపీలకు కూడా.